రెండు అరల బ్యాగు

కొక్కేనికి వేలాడుతున్న ఎర్ర బ్యాగు ఒకసారి ఇటు తిరిగింది, ఒకసారి అటు తిరిగింది, ఆగింది, త్రాసు మీది అంకె మాత్రం ఇంకా నిలవలేదు, ఏడు దాటి ఎనిమిది దగ్గర తచ్చాడి కాస్త వెనక్కి వచ్చి చివరికి ఎనిమిది మీదే కూర్చుంది. శైలేష్ ఊపిరి బిగబట్టుకొని చూస్తున్నాడు, తన ఊపిరి కూడా అందులో తూగుతుందేమోనని. ఏడు కిలోలు. భార్య రైలెక్కేముందు టికెట్టు మీదున్నదంతా చదివి వినిపించింది, విమానంలోకి వెంట తీసుకెళ్లే సంచి ఒక్కటే, ఏడు కిలోలు దాటొద్దు, ఇంత పొడుగు, ఇంత మందం, బ్యాటరీలు కింది సామానులో వేయొద్దు, దగ్గరే ఉండాలి. కెమెరాలు కింది సామానులో వేస్తే ఏమవుతుందో తోటి ఫోటోవాళ్లు చెప్పారు, దిగేసరికి లెన్సు లోపల అద్దం గలగలమంటుందట. కాబట్టి అన్నీ ఒక్క సంచిలోనే, వీపు మీదనే, రేపు పొద్దున్నే. వీపు మీద మోసేవాడికి బరువు తెలుస్తుంది గానీ ఎవరి బరువు ఎంతో తెలుస్తుందా? ఈ ఆలోచన ఎక్కడినుంచి వచ్చిందో అతనికే తెలియలేదు. ఫోరస్ రోడ్డు మీద ఏదో లారీ గట్టిగా హారన్ కొట్టింది, గోడకున్న బ్యాగులన్నీ సన్నగా ఊగాయి.

"తగ్గదన్నా," అన్నాడు సాహిల్. దుకాణం అతనిదే. ఈ గల్లీల్లోనే పుట్టి పెరిగినవాడు, తెలుగు ఇంటి పక్కన ఉండి నేర్చుకున్న తెలుగు. "బ్యాగే రెండున్నర కిలోలుంది. రెండు అరలు, నడుమ మోటా గద్ది, కవర్, చైన్లు. ఒక లెన్సు తీసెయ్, బస్, ఖతం."

"లెన్సు తియ్యరాదు భాయ్."

"అయితే ఒక కెమెరా తియ్యి. రెండు కండ్లే ఉన్నయి గద, రెండు కెమెరాలెందుకు?" నవ్వాడు, నవ్వుతూనే గోడ గడియారం వైపు చూశాడు. శుక్రవారం. నమాజుకు వేళవుతోంది, అంతలో షట్టరు దించాలి, వచ్చేసరికి మూడవుతుంది, అప్పటికి శైలేష్ వర్లిలో ఒక ఇంట్లో ఆల్బం అప్పజెప్పి రావాలి. ఇప్పుడే తేలాలి. బ్యాగు సంగతి తేలడమంటే రెండో కెమెరా సంగతి తేలడమే, అది సాహిల్‌కు తెలియదు, అతనికి ఇది గుడ్డ, జిప్పు, బరువు.

ఎర్ర బ్యాగు జిప్పు లాగితే సర్రుమని రెండుగా తెరుచుకుంది, పైన ఒక అర, కింద ఒక అర, నడుమ దళసరి అడ్డు. సర్రుమన్న ఆ చప్పుడు అచ్చం ఖోలీలో తెర జరిపినట్టే ఉంది. పదమూడో గల్లీలో వాళ్ల చాల్, వరుసగా గదులున్న పాత మేడ, అందులో వాళ్లది ఒకటే ఖోలీ, ఒకటే గది, నడుమ దారానికి రింగులు గుచ్చి కట్టిన తెర, నాన్న బాలనర్సయ్య తెరకు అవతల ఎర్ర బల్బు వేసుకొని ఫోటోలు కడిగేవాడు, ఇవతల అమ్మ రత్నాబాయి రొట్టెలు కాల్చేది, "సర్ర్" అని తెర జరిగితే "ఎలుగొస్తది, మూయ్యే!" అని నాన్న అరుపు. నాన్నకు రెండు కెమెరాలు. ఒకటి పెండ్లిళ్లకు, బారసాలలకు, బోనాలకు, దాని నెత్తిన మల్లన్న బండారి, పసుపు చుక్క. రెండోది చనిపోయినవాళ్లకు. ఊళ్లో, పాలమూరు వైపు, చూడటానికి రాలేనివాళ్లుండేవారు, శవాన్ని లేపేముందు ఇంటివాళ్లందరూ చుట్టూ నిలబడి ఒక ఫోటో దిగేవారు, అది కవర్లో పెట్టి ఊరికి పంపితే అక్కడ వాళ్లు దాన్ని చూసి ఏడ్చేవారు. ఆ కెమెరాకు నెత్తిన కాటుక చుక్క. అది ఖోలీ గడప దాటి లోపలికి రాదు. బయట అందరూ నడిచే గ్యాలరీలో, తలుపు పైన, మేకులకు బిగించిన రేకు డబ్బాలో దాని కాపురం. చావు ఫోటో తీసి వచ్చిన నాన్న డబ్బాలో కెమెరా పెట్టి, గ్యాలరీ చివరి నల్లా దగ్గర స్నానం చేసి, తడిబట్టలతో లోపలికొచ్చేవాడు. కెమెరా అక్కడే ఉండిపోయేది. ఆ రెండూ ఎన్నడూ ఒక సంచిలో పడలేదు, ఒక భుజం మీద వేలాడలేదు. ఫిల్ము పోయింది, ఎర్ర బల్బు పోయింది, నాన్న పోయాడు, శైలేష్ ఒకే రకం డిజిటల్ కెమెరాలు రెండు కొన్నాడు, అయినా ఒకదానికి పసుపు చుక్క, ఒకదానికి కాటుక చుక్క. ఎందుకని అడగలేదు. దేవుని దగ్గర దీపం ఎందుకు పెడుతున్నావని ఎవరైనా అడుగుతారా.

అందుకే ఈ ఎర్ర బ్యాగు. దుకాణం అద్దాల్లోంచి దీన్ని చూసినప్పుడు, రెండు అరలు, రెండు జిప్పులు, నడుమ అడ్డు, ఇదే కదా కావలసింది అనుకున్నాడు. పైన పసుపుది, కింద కాటుకది. ఒక సంచి అయినా ఒక సంచి కానట్టే. దేవునికి కూడా కనిపించేంత మందంగా ఉంది అడ్డు. కానీ ఆ అడ్డే బరువు. అడ్డు ఉంచితే లెన్సు పోవాలి, లెన్సు లేకుండా చీకటి మండపంలో ఏం తీస్తాడు, అడ్డు వద్దంటే రెండూ పక్కపక్కనే పడుకోవాలి. లేదా కాటుకది రేకు డబ్బాలోనే ఉండాలి, ఒక్క కెమెరాతో పోవాలి, అది గనక మళ్లీ ఆగిపోతే...

ఆగిపోయింది. పోయిన వారం వర్లిలో, బారసాలలో. పాపను ఉయ్యాల్లో వేసి మేనత్త చెవిలో పేరు చెబుతోంది, వేలు మీట మీద నొక్కాడు, టక్‌మని సగం చప్పుడైంది, మిగతా సగం రాలేదు. లోపలి తెర ముప్పావు మూతపడ్డ కన్నులా ఉండిపోయింది. ఆర్పాడు, వెలిగించాడు, బ్యాటరీ తీసి వేశాడు, మల్లన్నా అన్నాడు, అంతలో పేరు చెప్పడం అయిపోయింది, ఆడవాళ్లు నవ్వుకుంటూ పుట్నాలు పంచుతున్నారు. "ఇంకోసారి చెప్పుండ్రి" అంటే మేనత్త చెప్పింది, కానీ రెండోసారి చెప్పిన పేరులో ఏముంటుంది, పాప కూడా మొదటిసారే ఉలిక్కిపడింది. ఫోర్ట్‌లో రిపేరు చేసే ముసలాయన కెమెరా విప్పి, ఊది, బిగించి, నడుస్తుంది గానీ నమ్మకం చెప్పను, జతకు ఇంకొకటి పెట్టుకో అన్నాడు. జతకు కిరాయిది అడిగితే ఊరంతా పెండ్లిళ్లు, ఒక్కటి మిగల్లేదు. తోటివాళ్లంతా అదే ముహూర్తానికి ఎక్కడో ఒకచోట ఉన్నారు. నిఖార్సుగా ఉన్నది కాటుక చుక్కదే. ఏడాదికి నాలుగైదుసార్లు తప్ప బయటికి రాదు, ఒక్కొక్కసారికి రెండు మూడు ఫోటోలు, దాని లోపలి తెర ఇంకా పసిపిల్లలా ఉంది. చావులు చూసిందే గట్టిగా ఉంది, పెండ్లిళ్లు చూసిందే అరిగిపోయింది. ఇది కూడా ఆలోచించాల్సిన సంగతే, కానీ సాహిల్ గడియారం చూస్తున్నాడు.

జీలకర్ర బెల్లం రెండోసారి పెట్టరు కదా. రుతుజ నెత్తిన ఆ చేయి ఒక్కసారే పడుతుంది. బుచ్చన్న బిడ్డ రుతుజ, పక్క ఖోలీ, పాలపళ్ల నాటినుంచి 'కాకా' అని వెంటబడ్డ పిల్ల, నర్సు చదివింది, పని దొరికి గౌహతి పోయింది, అక్కడే పిల్లవాడిని చూసుకుంది. పెండ్లి అక్కడే, తాళి మాత్రం మన పద్ధతిలో అన్నది తల్లి తారాబాయి. గౌహతిలో ఫోటోలు తీసేవాళ్లు లేరా అంటే ఉన్నారు, కానీ జీలకర్ర బెల్లం ఏ క్షణాన పెడతారో, తెర ఎప్పుడు జారుతుందో, తలంబ్రాలు ఎవరు ముందు పోస్తారో వాళ్లకేం తెలుసు. "కాకా, నువ్వు రాకుంటే ఫోటోలే వద్దు నాకు," అని పిల్ల ఫోన్‌లో, సగం మరాఠీలో సగం తెలుగులో. తనే విమానం టికెట్టు పంపింది. తారాబాయి, అతని భార్య, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు బియ్యం, పసుపు, బాసింగాలు మూటగట్టుకొని రైల్లో ముందే బయల్దేరారు. రైలు కదులుతుంటే కిటికీ కడ్డీల్లోంచి తారాబాయి అతని మణికట్టు పట్టుకుంది. "శైలూ, గా కెమెరా తేకు. మా ఆయిన్ని తీసినావే, అది. ఏడాది తిరగకముందే జేస్తున్న పెండ్లి, నా పానమంత గుబగుబ ఉన్నది. నేనే దూరం నిలబడ్త గద, అది కూడ దూరమే ఉండాలె." తేను వదినా, అన్నాడు. మాట ఇచ్చినప్పుడు వర్లి బారసాల ఇంకా జరగలేదు.

ఇంటి పెద్ద పోతే ఏడాది లోపల కన్యాదానం చేయాలి, లేకుంటే మూడేళ్లు ఆగాలి. ఈ లెక్క పెద్దలది. బుచ్చన్న లేని పీటల మీద మరిది, తోటికోడలు కూర్చుంటారు, కన్నతల్లి మండపం బయట స్తంభం పక్కన. అది కూడా పెద్దల లెక్కే. శైలేష్ ఎన్ని పెండ్లిళ్లలో ఆ స్తంభాన్ని చూడలేదు. ప్రతి మండపానికీ అలాంటి స్తంభం ఒకటుంటుంది, దాని పక్కన తెల్లచీరో లేతరంగు చీరో కట్టుకున్న ఒకామె ఉంటుంది, నాన్న నేర్పింది కూడా అదే, కెమెరా ఎట్ల పట్టుకోవాలో చెప్పినట్టే చెప్పాడు, ఆ మూల రాకుండ తియ్యాలె బిడ్డా, ఆల్బంల ఆ మూల రావొద్దు.

"అన్నా, సో గయే క్యా?" అన్నాడు సాహిల్. నిచ్చెన ఎక్కి పై వరుసలోంచి ఇంకొకటి లాగుతున్నాడు, దుమ్ము రాలుతోంది. "ఇది చూడు. గ్రే. ఒకటే అర, పత్లా గద్ది, మొత్తం కిలో కూడ లేదు. వెనుకనుంచి తెరుసుకుంటది, వీపుకు ఆనిచ్చే దిక్కు. భీడ్‌ల, మందిల, ఎవ్వడు చెయ్యి పెట్టలేడు. సీటు కింద కూడ పడుతది."

సీటు కింద. కాళ్ల దగ్గర. విమానం అతను ఎక్కలేదు, విమానాశ్రయం మాత్రం చూశాడు, బుచ్చన్నను చూడటానికి పోయినప్పుడు, కొత్త భవనం కడుతున్న రోజుల్లో. బుచ్చన్న అక్కడ బండలు పరిచే పనిలో మేస్త్రీ, కింద కూర్చొని, తల ఒక పక్కకు వంచి, బండ మీద చెంప ఆనించినంత దగ్గరగా పెట్టి ఎత్తుపల్లాలు చూసేవాడు. "శైలూ, దేశదేశాలోళ్లు నేనేసిన బండ మీద నడుస్తర్రా, ఒక్కడు గూడ జారడు." ఎన్నడన్నా ఎక్కుతవా అన్నా అంటే, "ఎక్కినంక కింద బండ కనవడదు గద, మరెందుకు?" అని నవ్వేవాడు. మోకాళ్లు పోయాయి ఆ పనితోనే. చివరి ఏళ్లలో చాల్ మెట్లు ఎక్కుతుంటే మెట్టుకొకసారి ఆగి, గోడ పట్టుకొని, "ఈ మెట్లు ఎవడేసిండో గని లెవల్ లేదు" అని తిట్టేవాడు, నొప్పిని తిట్టేవాడు కాదు, మెట్టును తిట్టేవాడు. పోయిన వానాకాలం, పెద్దవాన కురిసిన పొద్దున, గ్యాలరీలో రేకుల మీద చప్పుడులో తారాబాయి కేక కూడా సరిగా వినపడలేదు. శైలేష్ రేకు డబ్బా తెరిచి కాటుక చుక్క కెమెరా తీశాడు. చుట్టూ అందరూ నిలబడ్డారు. గౌహతినుంచి ఆ పిల్ల విమానంలో వచ్చి, తండ్రి వేసిన బండల మీద నడిచి వచ్చి, కాళ్ల దగ్గర కూర్చొని ఆయన బొటనవేళ్లు రెండూ పట్టుకుంది. కన్ను కెమెరాకు ఆనించి చూస్తే ఆయన గోళ్లలో సిమెంటు, ఎన్నేళ్లు కడిగినా పోనిది, తెల్లగా. ఒక్కటే తీశాడు. ఆ తరువాత కెమెరా డబ్బాలో పెట్టి, నల్లా దగ్గర నిలబడి నీళ్లు పోసుకున్నాడు.

అప్పుడు నేను స్నానం చేశాను, అనుకున్నాడు. అనుకుంటూ తల ఎత్తేసరికి సాహిల్ అప్పటికే బూడిదరంగు బ్యాగు బల్ల మీద పరిచి, ఎర్రదాంట్లోంచి సామాను దీనిలోకి మార్చేస్తున్నాడు. పక్కన చిన్న బక్కెట్లో నీళ్లు, అందులో ముంచి పిండిన గుడ్డ, దుకాణంలో ప్రతి బ్యాగునూ అమ్మేముందు తుడిచే గుడ్డ. కెమెరా నెత్తిన ఏదో మరక కనిపించింది, గుడ్డతో రాశాడు, ఇంకోదాని నెత్తిన కూడా మరక, దాన్నీ రాశాడు. పసుపు గుడ్డకు అంటుకుంది. కాటుక ఆ పసుపుకు అంటుకుంది.

"అరే భాయ్! పానీ!"

సాహిల్ ఉలిక్కిపడి చేయి తీశాడు. "పిండిన గుడ్డే అన్నా, సుక్క నీళ్లు లోపల పోలే. మురికి ఉండె, సాఫ్ చేసిన. క్యా హువా?"

ఏమీ కాలేదని చెప్పాలి. బూడిదరంగు బ్యాగులో రెండు కెమెరాలు పక్కపక్కన, నల్లగా, తడి మెరుపుతో, నెత్తిన ఏ చుక్కా లేకుండా. జేబులో బండారి పొట్లం ఉంది. కొత్త బ్యాగు ఖాళీగా ఇంటికి తేకూడదని, దానిలో మొట్టమొదట బండారి పడాలని, ఆ తరువాతే ఏదైనా అని అమ్మ కాగితంలో మడిచి ఇచ్చింది. మొట్టమొదట పడింది ఏది? సాహిల్ ఏది ముందు పెట్టాడో కళ్లు మళ్లీ చూసుకున్నాయి, మూల ఉన్నది ఒకటి, జిప్పు వైపున ఉన్నది ఒకటి, మూలదే ముందు పడ్డది, పట్టు రబ్బరు అరగనిది, కాటుకది. అమ్మా మల్లన్నా. ఇక దీన్ని తీసుకోవాలా వద్దా, బ్యాగులో తప్పుందని తిరిగి ఇచ్చేయాలా, తప్పు బ్యాగుదా.

తడి మెరుపులో రెండూ ఒకేలా ఉన్నాయి. ఎవరికీ తెలియదు ఇప్పుడు. రేపు తారాబాయి చూసినా తెలియదు, అమ్మ చూసినా తెలియదు, కొత్తది కొన్నానంటే నమ్ముతారు. చేతికి తెలుసు. కళ్లు మూసుకొని పట్టుకున్నా చేతికి తెలుసు ఏది ఏదో. చేతికి తెలిసింది మల్లన్నకు తెలియదా. తెలిస్తే మాత్రం ఏమంటాడు? కొండ మీద ఆయన గుడిలో పసుపు పడని చోటు లేదు, రాయి మీద, మెట్టు మీద, గొర్రె మీద, ఏడుస్తున్నవాళ్ల నెత్తిన, నవ్వుతున్నవాళ్ల నెత్తిన అదే పసుపు చల్లుతారు. ఖోలీ కూడా అంతే కదా. నాన్నను పడుకోబెట్టిన చోటే తన పెండ్లినాడు పసుపు దంచారు, బుచ్చన్నను పడుకోబెట్టిన బండ మీదే రుతుజ పసిబిడ్డగా బోర్లా పడింది, ఉన్నది ఒక్క ఖోలీ, పుట్టినా అదే చచ్చినా అదే, పదకొండో నాడు కడిగి, పేడనీళ్లు చల్లి, దీపం పెడితే మళ్లీ అది ఇల్లే. గదికి పోయిన మైల కెమెరాకు ఎందుకు పోలేదు? నేను తప్పుగా ఆలోచిస్తున్నానా, అవసరం కొద్దీ దేవుణ్ని నా దిక్కు తిప్పుకుంటున్నానా?

ఫోను మోగింది. అమ్మ. తలుచుకుంటే చాలు, మోగుతుంది.

"తీస్కున్నవా?"

"చూస్తున్ననమ్మా."

"పొద్దటిసంది చూస్తున్నవు, పిల్లనా బ్యాగా? బండారి ఏసినవా ముందుగాల?"

శైలేష్ బ్యాగులోకి చూశాడు. "అమ్మా, ఒక మాట అడుగుత. నాయిన ఆ రెండో కెమెరను బయటనే ఎందుకు ఉంచిండు?"

అవతల కుక్కర్ కూత వేసింది. "గిదేం సవాలు ఇప్పుడు? మైల గద."

"మైలయితే స్నానం జేస్తే పోతది గద. నాయిన జేసి లోపటికొచ్చెటోడు గద."

"అగో! కెమెరా మీద నీళ్లు పోస్తరారా? కరాబు గాదూ? మీ నాయిన గూడ పరేషాన్ అయ్యెటోడు. తానమేమో జేపియ్యరాదాయె, లోపటికేమో తేరాదాయె, గందుకే డబ్బ కొట్టిండు తలుపు మీద. ఆయినకు గంతకంటె తెల్వలే పాపం." కుక్కర్ దించిన చప్పుడైంది. "ఎందుకు అడుగుతున్నవ్?"

"ఉట్టిగనే అమ్మా." ఫోను పెట్టేశాడు.

గంతకంటె తెల్వలే పాపం. ఇన్నేళ్లు తలుపు మీద ఆ డబ్బా కింది నుంచి తల వంచుకొని లోపలికీ బయటికీ తిరిగాడు, అది శాస్త్రమనుకున్నాడు. తీరా చూస్తే దారి తెలియని మనిషి తెలిసినంతలో వేసిన మేకు. నాన్న మీద కోపం రావలసింది, రాలేదు, తడిబట్టలతో వణుకుతూ గడపలో నిలబడి ఒకసారి పైకి డబ్బా వైపు చూసే నాన్న ముఖం గుర్తొచ్చింది. అందులో భయముందని చిన్నప్పుడు అనుకున్నాడు. జాలేమో. స్నానం చేయించకుండా చలిలో బయట వదిలేసి వస్తున్న జాలి. సాహిల్ గుడ్డ బక్కెట్ అంచుమీద ఆరుతోంది, పసుపూ నలుపూ కలిసిన ఒక మరక, నీటిచుక్క దాని కొసనుంచి కిందికి. స్నానం అయిపోయింది. ఏ మంత్రమూ లేకుండా, నమాజుకు పోయే తొందరలో ఉన్న మనిషి చేత. దీన్ని దేవుడు చేయించాడనుకోవాలా, ఊరికే జరిగిందనుకోవాలా, అతనికి తెలియదు, తెలిసినట్టు నటించడం కూడా చేతకాదు. కానీ ఇచ్చిన మాట ఉంది. మాటకు తడిగుడ్డ పనికిరాదు. తేను వదినా, అన్నాడు. దాన్ని ఆమే విప్పాలి.

"అన్నా, ఐదు నిమిషాలు," అంటూ సాహిల్ టోపీ తీసి తలకు పెట్టుకున్నాడు. బయట మనుషులు మసీదు వైపు నడుస్తున్నారు.

శైలేష్ నంబరు నొక్కాడు. మోగుతోంది. అంత దూరం మోగుతున్నట్టే ఉంది, సన్నగా. తీయకుంటే బాగుండు. తీస్తే బాగుండు.

"శైలూ? బయల్దేరినవా?" వెనుక ఆడవాళ్ల గోల, రుబ్బురోలు చప్పుడు, ఎవరో పాట.

"రేపు వదినా. వదినా, నా మంచి కెమెరా దగా జేస్తున్నది. వర్లిల ఆగిపోయింది. కిరాయికి దొరుకుతలేదు. నీకు మాటిచ్చిన, అందుకే అడుగుతున్న. ఆ రెండోది తేవాల్నా వద్దా? నువ్వు వద్దంటె తేను. ఒక్కదానితోనే వస్త, మల్లన్న దయ."

ఆడవాళ్ల గోల దూరమైంది. ఆమె బయటికి నడిచినట్టుంది, గాలి చప్పుడు ఫోనులో ఊదుతోంది. గడియారం ముల్లు కదిలింది. సాహిల్ షట్టరు సగం దించాడు, దుకాణంలో వెలుగు నడుము దాకా తగ్గింది. శైలేష్ అరచేయి బ్యాగు అంచు మీద ఉంది. ఆమె వద్దంటే, వద్దనే అంటుంది, అనాలి కూడా, తల్లి కదా, అప్పుడు కాటుకది మళ్లీ డబ్బాలోకి, ఎర్ర బ్యాగు తీసుకోనక్కర్లేదు, ఏదైనా ఒక్కటే, చిన్నది, తేలికది, ఎంత తేలికైతే అంత బరువు...

"అది మండపంలకొస్తె," అన్నది తారాబాయి చివరికి, గొంతు బొంగురుగా, "మరి నేనెందుకు బయట నిలబడాలె?"

తిట్టిందా? నవ్విందా? "నిలబడకు వదినా," అన్నాడు. ఈ మాట తనదేనా? నాన్న వద్దన్న ఆ మూల, ఆల్బంలో రాకూడని మూల. "బిడ్డ పక్కకు రా. నేను తీస్త."

"పెద్దమనుసులేమంటరో."

"ఏమన్న అననీ. ఫోటోల మాటలు పడయి గద."

ఆమె ముక్కు చీదింది. "అది ఆయిన్ని చివరిపారి చూసింది గద శైలూ. బిడ్డను గూడ చూడనీ." తరువాత ఒక్కసారిగా గొంతు మారింది, గ్యాలరీలో నీళ్ల వంతు దగ్గర అరిచే గొంతు, పనులు పురమాయించే గొంతు. "గని జాగ్రత్త! సీటు కింద కాళ్ల సందుల ఇరికియ్యకు. ముడుసుక కూసుంటె ఆయిన మోకాళ్లు పట్టుకుంటయి."

ఫోను ఆగిపోయింది. మోకాళ్లు. మెట్టుకొకసారి ఆగే మనిషి, గోడ మీద ఆనిన అరచేయి, లెవల్ లేదురా శైలూ.

"ఏదన్నా? లాల్ యా గ్రే?" సాహిల్ వంగి షట్టరు కిందనుంచి అడిగాడు.

"గ్రే."

జేబులోంచి బండారి పొట్లం తీసి, విప్పకుండా, రెండు కెమెరాల నడుమ పెట్టాడు. మొదట పడాల్సింది చివర పడింది, మల్లన్న చూసుకుంటాడు. జిప్పు పెట్టబోయి ఆగాడు. లోపల అతికించిన చిన్న మెత్తటి అడ్డు ఒకటుంది, కాటుకదాన్ని మూలకు నొక్కేస్తోంది. గోరు దూర్చి లాగాడు. కర్రుమని ఊడింది. వేలెడంత పక్కకు జరిపి, మళ్లీ అతికించి, చేయి పెట్టి చూశాడు, ఇప్పుడు కాళ్లు చాపుకోవచ్చు.